ముగించి మూయాలా, ముగించాక మూయాలా?

నిన్న ఒకరు ఎంబెడెడ్ డేటాబేసుల (విడిగా సర్వర్ లేకుండా ప్రోగ్రామ్ లోపలే నడిచేవాటి) మీద తెలుగులో రాసుకుంటున్న నోట్సులోంచి ఒక వాక్యం పెట్టి, సరిగ్గా ఉందా అని అడిగారు: “వాడకం ముగించి హ్యాండిల్‌ను మూయవలెను.” చర్చంతా హ్యాండిల్‌ని పిడి అనాలా, అలాగే ఉంచాలా అన్నదాని మీదకి పోయింది. హ్యాండిల్‌ని హ్యాండిల్‌గానే ఉండనివ్వండి, తెరిచిన డేటాబేసుని ప్రోగ్రామ్ పట్టుకుని వాడుకునే ఆధారానికి అది చదివేవాళ్ళకి తెలిసిన మాటే. నాకు అభ్యంతరం ‘ముగించి’ దగ్గర.

అది క్త్వార్థకం, అంటే ‘చేసి’, ‘తిని’ లాగా ఒక పని తర్వాత ఇంకో పని ఉందని చెప్పే క్రియారూపం. రెండు పనులూ ఒకరే చేసినప్పుడు వాడతాం. “పిల్లలు తిని నేను తింటాను” అని ఎవరూ అనరు, “పిల్లలు తిన్నాక నేను తింటాను” అంటారు. కాబట్టి పై వాక్యం చదివిన ప్రోగ్రామర్ ‘నా పని అయిపోయింది, నేను మూసేస్తాను’ అనే అర్థం చేసుకుంటాడు. ఒకే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరుస) ఉన్నంతవరకు అది సరిపోతుంది. నాలుగు థ్రెడ్లు ఒకే హ్యాండిల్‌ని పంచుకుంటుంటే, ఒకటి తన పని ముగించుకుని మూసేసే సమయానికి ఇంకొకటి క్వెరీ మధ్యలో ఉండొచ్చు, అప్పుడు అది విడుదలైపోయిన మెమరీని ముట్టుకుంటుంది. వెంటనే క్రాష్ అయితే మేలే, కనీసం తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కాకపోతే ఎప్పుడో, ఎక్కడో సంబంధం లేని చోట బయటపడుతుంది.

ఎస్‌క్యూలైట్ అనే ఎంబెడెడ్ డేటాబేస్ మామూలుగా సీరియలైజ్డ్ (థ్రెడ్లని ఒకదాని తర్వాత ఒకదాన్ని లోపలికి పంపే) మోడ్‌లోనే వస్తుంది, లోపల మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ఉంది కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఆ మ్యూటెక్స్ కాపలా హ్యాండిల్ బతికున్నంతసేపే. క్లోజ్ అయ్యాక హ్యాండిల్‌తో పాటు అదీ పోతుంది. ఫైనలైజ్ చెయ్యని (పని ముగించి వదిలెయ్యని) స్టేట్‌మెంట్లు, అంటే సిద్ధం చేసుకున్న క్వెరీలు, మిగిలి ఉంటే పాత క్లోజ్ ఫంక్షన్ ‘బిజీ’ అని చెప్పి కనెక్షన్‌ని తెరిచే ఉంచుతుంది. 2012లో 3.7.14తో వచ్చిన క్లోజ్ వీ2 మాత్రం ఒప్పుకుని కనెక్షన్‌ని జాంబీగా (మూసినట్టే లెక్క, కానీ లోపల ఇంకా మిగిలి ఉన్నదిగా) మార్చి, ఆఖరి స్టేట్‌మెంట్ పోయాక విడుదల చేస్తుంది. అయినా మూసిన ఆ హ్యాండిల్‌ని మళ్ళీ వాడే హక్కు ఎవరికీ లేదు.

ఎల్ఎండీబీ అనే ఇంకో ఎంబెడెడ్ డేటాబేస్ పత్రాలు ఇంకా తేటగా చెబుతాయి: ట్రాన్సాక్షన్లు, కర్సర్లు (డేటాలో ఎక్కడున్నామో గుర్తుంచుకునేవి) అన్నీ ముందే ముగిసి ఉండాలి, ఎన్విరాన్‌మెంట్‌ని (అక్కడ తెరిచిన డేటాబేసుకి హ్యాండిల్ అదే) ఒక్క థ్రెడ్ మాత్రమే మూయాలి. అలాంటిదే అయిన బర్కిలీ డీబీలో హ్యాండిల్‌ని థ్రెడ్ల మధ్య పంచుకునే ఫ్లాగ్ పెట్టి తెరిచినా సరే, క్లోజ్ పిలవాల్సింది ఒకే థ్రెడ్. అంటే ఎవరు మూస్తారు, మిగతావాళ్ళు అప్పటికి ఎక్కడున్నారు అన్న రెండూ వాక్యంలో కనబడాలి. ‘మూయబడవలెను’ అని రాస్తే మూసేవాడు అసలే మాయం, దయచేసి అటు వెళ్ళకండి. నేనైతే ఇలా రాస్తాను: “అన్ని థ్రెడ్లూ వాడకం ముగించాక, ఒక్క థ్రెడ్ మాత్రమే హ్యాండిల్‌ను మూయాలి.”

వ్యాఖ్య: “వాన కురిసి చెరువు నిండింది” అంటాం కదండీ? కురిసింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరైనా క్త్వార్థకం చెల్లుతోందిగా?

జవాబు: మంచి ప్రశ్న అండి, నిజమే, చెల్లుతుంది. అక్కడ మొదటిదాని వల్లే రెండోది జరుగుతోంది, మధ్యలో ఎవరి నిర్ణయమూ లేదు. “మీరు ముగించి వాళ్ళు మూయాలి” అని చూడండి, అతకదు. ఇద్దరు వేర్వేరుగా చెయ్యాల్సిన పనులకి ‘ముగించాక’లోని ‘ఆక’ కావాల్సిందే. మీరు చెప్పిన తరహా క్లోజ్ వీ2కి బాగా నప్పుతుంది: “ఆఖరి స్టేట్‌మెంట్ ఫైనలైజ్ అయి కనెక్షన్ విడుదలవుతుంది.” అది పోవడమే ఇది పోవడానికి కారణం.

తెరిచేటప్పుడు మాత్రం క్త్వార్థకాన్ని వదలకండి. “మొదటి థ్రెడ్ హ్యాండిల్‌ను తెరిచి, మిగతావాటికి అందించాలి” అనే రాయండి, ఎందుకంటే అక్కడ తెరిచేదీ అందించేదీ ఒక్కరే అయితేనే క్షేమం. ఎల్ఎండీబీలో ఒకే ప్రాసెస్ అదే ఎన్విరాన్‌మెంట్‌ని రెండుసార్లు తెరవకూడదు కూడా. ఎందుకంటే పోజిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ఫైల్ లాకుల పద్ధతి ప్రకారం, ఒక ఫైల్ మీద ఉన్న డిస్క్రిప్టర్లలో (తెరిచిన ఫైల్‌కి ప్రాసెస్ వాడే నంబర్లలో) ఏ ఒక్కటి మూసినా, దాని మీద ఆ ప్రాసెస్ పెట్టుకున్న లాకులన్నీ ఊడిపోతాయి.