‘వింటర్ క్వీన్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) రాణి ఎలిజబెత్ స్టూవర్ట్ చిత్రం మీద చిన్న వ్యాసం రాస్తున్నానండీ. 1642లో డచ్ చిత్రకారుడు హోంథోర్స్ట్ వేసింది. నల్లటి దుస్తులు, ముత్యాలు. ఈమెకు ‘వింటర్ క్వీన్’ అని పేరుంది కదా, ‘హేమంత రాణి’ అనొచ్చా? ‘ప్రవాస రాణి’ అన్నా సరిపోతుందా?

జవాబు: ‘హేమంత రాణి’ వినసొంపుగా ఉంది, చిక్కంతా అక్కడే. హేమంతం అనగానే మనకు ముగ్గులు, గొబ్బెమ్మలు గుర్తొస్తాయి. ఆ పేరేమో ఎగతాళి నుంచి పుట్టింది. ఈమె భర్త ఫ్రెడరిక్ బొహీమియా రాజైనప్పుడు, ‘ఈ చలికాలం దాటేదాకే ఈయన రాజరికం’ అని శత్రువులు వెక్కిరించారు. ఆయన ‘వింటర్ కింగ్’ అయ్యాడు, ఈమెకూ అదే అంటుకుంది. ప్రాగ్‌లో ఈమెకు కిరీటం పెట్టింది 1619 నవంబర్ 7న. ప్రాగ్ దగ్గరి వైట్ మౌంటెన్ యుద్ధంలో ఫ్రెడరిక్ సేన ఓడిపోయింది 1620 నవంబర్ 8న. ఏడాది మీద ఒక్క రోజు! ఆ వెటకారం తెలుగులో పలకాలంటే ‘మూణ్ణాళ్ళ రాణి’ అనాలి. అర్థం చెప్పకుండానే తెలిసిపోతుంది.

‘ప్రవాస’ మాత్రం వద్దండీ. ఆ మాట ఇప్పుడు ప్రవాసాంధ్రులకే అలవాటైపోయింది. ‘బహిష్కృత’ అంటే ఎవరో శిక్ష వేసి వెళ్లగొట్టినట్టుంటుంది. ఈమె ఓటమి కబురు అందగానే, కడుపుతో ఉండి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ప్రాగ్ వదిలి పారిపోయింది. దారిలోనే ఇంకో కొడుకు పుట్టాడు. 1621లో నెదర్లాండ్స్‌లోని హేగ్ చేరి నలభై ఏళ్లు అక్కడే ఉండిపోయింది. అందుకు ‘రాజ్యభ్రష్ట’ అనే మాట అచ్చంగా సరిపోతుంది. మరీ గ్రాంథికం అనిపిస్తే ‘రాజ్యం పోగొట్టుకున్న రాణి’ అనండి.

ప్రశ్న: చిత్రం కింద ‘మూణ్ణాళ్ళ రాణి’ అని వేస్తే ఆమెను కించపరిచినట్టు కాదా?

జవాబు: అవును, అక్కడ వెయ్యకండి. ఆ మాట వ్యాసంలో, శత్రువులు అన్నారని చెప్పే చోట ఉండాలి. చిత్రం కింద ‘బొహీమియా రాణి ఎలిజబెత్’ అనే రాయండి. 1632లో భర్త పోయాక కూడా ఆమె ఆ బిరుదు వదులుకోలేదు. పదేళ్ల తర్వాత వేసిన ఈ బొమ్మలోనూ ఒంటి మీద నలుపే ఉంది. పక్కనే ‘వింటర్ క్వీన్’ అని తెలుగు లిపిలో ఇస్తే, వెతుక్కునే పాఠకులకు దొరుకుతుంది.