రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇద్దామని మొదలుపెట్టాను, ఇప్పుడు ఆ రైతులకే బాకీ పడ్డాను. దారి చెప్పండి

కొర్రకంకి (కదిరి వైపు)

అందరికీ నమస్కారం. రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించి ఇవాళ రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది కదిరి దగ్గర పల్లె. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేశాను. 2021లో నాన్న పోయాక అమ్మ ఒక్కతే అయిపోతుందని ఊరికి వచ్చేశాను. మా వైపు ఎటు చూసినా శెనక్కాయే. ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసిందంటే పెట్టుబడి అంతా మట్టిపాలు. మా అవ్వ చిన్నప్పుడు ఇవే ఎర్ర నేలల్లో కొర్రలు, సామలు, అరికెలు పండేవట. తర్వాత ఎందుకు మానేశారని అడిగితే అందరూ ఒకటే మాట చెప్పారు: కొనేవాడు లేడు, దంచే ఓపిక లేదు. కొర్రలు రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచి బియ్యం చేయడానికి ఆడవాళ్లకు సగం రోజు పట్టేది. పొట్టు తీసే మిషన్ ఊళ్లోనే ఉండి, ధర ముందే చెప్పి కొనేవాళ్లుంటే మళ్లీ వేస్తారు కదా అనిపించింది. నా పని అదే అనుకున్నాను.

పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే) పథకం కింద బ్యాంకు లోన్ తీసుకుని పొట్టు తీసే మిషన్, రాళ్లు ఏరే మిషన్, జల్లెడ మిషన్ పెట్టాను. ఆరుగురు ఆడవాళ్లు పని చేస్తున్నారు. 40 మంది రైతులతో మాట్లాడి, మార్కెట్ ధర మీద కిలోకు 4 రూపాయలు ఎక్కువ ఇస్తానని, సరుకు తూకం వేసిన వారంలో డబ్బు ఇస్తానని మాట ఇచ్చాను. మొదటి ఏడాది నిలబెట్టుకున్నాను కూడా.

ఇప్పుడు లెక్క చెబుతాను. కొర్రలు కిలో 38కి కొంటున్నాను. క్వింటాల్ ఆడిస్తే నాకు 60 కిలోల బియ్యం వస్తోంది, అంటే సరుకుకే కిలోకు 63. కూలి, కరెంటు 11, కవరు, స్టిక్కరు 6, లారీ 5. మొత్తం 85. హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణాల సంస్థ 95కి తీసుకుంటోంది. నెలకు 1,200 కిలోలు అమ్మితే 800 కిలోలు వాళ్లకే. మిగిలింది ఊళ్లల్లో, తెలిసినవాళ్లకు, అదీ ఇంచుమించు అదే ధరకు.

ఆ సంస్థ వాళ్లు మొదట్లో నెలకు డబ్బు ఇచ్చేవారు. తర్వాత రెండు నెలలైంది. ఇప్పుడు మూడు నెలల బిల్లు, 2,28,000 ఆగిపోయింది. ఇది చాలదన్నట్టు ఎండాకాలంలో 210 ప్యాకెట్లు ముక్క వాసన వస్తున్నాయని, పురుగు పట్టిందని వెనక్కి పంపి 19,950 కోసేస్తాం అంటున్నారు. ఆ సరుకు వాళ్ల గోదాములో రెండు నెలలకు పైగా పడి ఉంది. ఇటు 17 మంది రైతులకు నేను 1,86,000 ఇవ్వాలి. లోన్ కంతు నెలకు 11,400. గత నెల కూలీలకు ఇవ్వడానికి నా గాజులు తాకట్టు పెట్టాను. అమ్మకు తెలియదు.

డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. సంతల్లో స్టాల్ పెడితే కొనేవాళ్లు, ‘రైతుల కోసం చేస్తున్నామంటారు, మరి ఇంత ధరా? సేవ అన్నప్పుడు తగ్గించాలి కదా’ అంటారు. ఇంట్లో మా అన్నేమో, ‘సేవ చేస్తున్నావా, వ్యాపారం చేస్తున్నావా? ముందు అది తేల్చుకో’ అంటాడు. రెండు మాటలకూ నా దగ్గర జవాబు లేదు. రైతులు ఫోన్ చేస్తే ‘రేపు వేస్తా పెద్దనాయనా’ అంటున్నాను. నాలుగు రోజుల నుంచి మిషన్ షెడ్డుకు ఊరి మధ్యలో నుంచి కాకుండా చెరువు గట్టు మీదుగా వెళ్తున్నాను.

ఆ పెద్ద సంస్థను వదిలేయాలా? ధర పెంచాలా? రైతుకిచ్చే 4 రూపాయలు తగ్గించుకోవాలా? ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

లెక్కలపుస్తకం (గుంటూరు, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను)

అమ్మా, మీ లెక్క రెండుసార్లు చదివాను. అందులో మీరు లేరు.

85 ఖర్చు, 95 అమ్మకం, నెలకు 1,200 కిలోలు. మిగిలేది 12,000. లోన్ కంతు పోతే 600. దానితో మీరు, మీ అమ్మగారు ఎలా బతుకుతున్నారు? మీరు నెలకు కనీసం 15,000 జీతం రాసుకుంటే కిలోకు పన్నెండున్నర రూపాయలు. కంతుకు తొమ్మిదిన్నర. అంటే మీ అసలు ఖర్చు 85 కాదు, 107. మీరు 95కి అమ్ముతూ ప్రతి కిలో మీద 12 రూపాయలు ఆ దుకాణానికి ఎదురిస్తున్నారు, పైగా మూడు నెలల అప్పు మీద. రైతుకిచ్చే 4 రూపాయల వల్ల మీరు మునగలేదమ్మా. దాన్ని ముట్టుకోకండి. మీ కష్టానికి విలువ వేయకపోవడం వల్లా, అప్పు మీద అమ్మడం వల్లా వచ్చింది ఇదంతా.

ఇక ఆ బాకీ. మీకు ఉద్యం నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉందా? సరుకు పంపడానికి ముందే అది ఉండి ఉంటే మీ చేతిలో గట్టి చట్టమే ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు, రాతపూర్వకంగా గడువు రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాసుకోకపోతే 15 రోజులే. కాగితం మీద 60 రోజులని రాయించుకున్నా చెల్లదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ కట్టాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో కూడా మెలిక వచ్చింది. గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా వాళ్లు ఖర్చుగా చూపించుకోలేరు. ఈ ఒక్క వాక్యం వాళ్ల అకౌంట్స్ సెక్షన్‌కు బాగా అర్థమవుతుంది.

సరుకు బాగాలేదని అన్నారు కదా, ఆ అభ్యంతరం సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. రెండు నెలల తర్వాత కోత పెట్టడం కుదరదు.

ఫోన్లు చేయడం ఆపండి. బిల్లు నంబర్లు, తేదీలు, అందినట్టు సంతకాలున్న కాగితాలు జతచేసి ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో, ఒకటి ఈ-మెయిల్లో పంపండి. మర్యాదగానే రాయండి. 15 రోజుల్లో రాకపోతే చిన్న సంస్థల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తానని రాయండి. కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నా అనుభవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా చాలాసార్లు ఉత్తరంతోనే సగం కదులుతుంది.

ఇంకొక్కటి. మీ పథకంలో 35 శాతం సబ్సిడీ లోన్ ఖాతాలోనే ఆగి ఉంటుంది, చేతికి రాదు. పైగా ఆ లోన్ మిషన్ల కోసం. సరుకు కొనడానికి వర్కింగ్ క్యాపిటల్ వేరే అడగాలి. చాలామంది ఇది తెలియక రైతు డబ్బుతోనే నడిపేస్తారు. మీరు చేసింది అదే. మీ బ్రాంచికి వెళ్లి క్యాష్ క్రెడిట్ (అవసరానికి వాడుకుని, డబ్బు వచ్చాక మళ్లీ కట్టే లోన్ ఖాతా) అడగండి.

పోగుబంధం (పోచంపల్లి వైపు)

అక్కా, చెరువు గట్టు మీద నుంచి పోతున్నానన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయిన. నేను 2019లో అట్లనే నేతన్నల ఇండ్ల ముందట నుంచి పోకుండా తిరిగి తిరిగి పోయేటోణ్ని.

మాది ఇక్కత్ చీరలు. 8 మగ్గాలతో మొదలుపెట్టి, ఎవరొచ్చి అడిగినా కాదనలేక 22 మగ్గాలకు పోయిన. ఒక్క మగ్గం ఆగినా పాపం అనిపించేది. పట్టు నూలు అప్పు మీద తెచ్చుడు, చీరలు షాపులకు అప్పు మీద ఇచ్చుడు. మధ్యలో నేను. షాపులు ఆపేసినయ్, నేను మజూరీ ఆపేసిన. చెప్పుకోవాలంటే సిగ్గు. రేపు, ఎల్లుండి అన్న. ఒక పెద్దాయన నా మీద నమ్మకంతో వేరే మాస్టర్ వీవర్ దగ్గరి పని వదులుకున్నడని నాకు తర్వాత తెలిసింది. నేను ముందే చెప్పి ఉంటే ఆయన వేరే దారి చూసుకునేటోడు. నా మంచితనం ఆయనకు నష్టం చేసింది. ఈ సంగతి ఇప్పటికీ మనసులో మెదులుతది.

అందుకే చెప్తున్న. ఉత్తరం రాయి, బ్యాంకుకు పో, అన్నీ చెయ్. కానీ వాటికంటే ముందు 17 మందిని ఒక్కచోట కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పు. ఎంత రావాలి, ఎవరి నుంచి రావాలి, ఎన్ని రోజులు పట్టొచ్చు. బిల్లులు చూపించు. ఒక్కొక్కరికి విడివిడిగా ఫోన్లో చెప్పకు, ఒకరికి ఒకటి ఇంకొకరికి ఇంకొకటి చెప్పినట్టు అయితది.

సేవ అంటే తగ్గించాలి అనేటోళ్ల గురించి. నేను ఇప్పుడు స్టాల్‌లో ఒక అట్ట పెట్టిన. చీర ధరలో నూలుకెంత, రంగుకెంత, నేసినోళ్లకెంత, నాకెంత అని రాసి ఉంటది. ‘నాకు’ అని రాయడానికి మూడేండ్లు పట్టింది. అది చదివినంక బేరం ఆడేటోళ్లు చాలా తగ్గిన్రు. అయినా ఆడేటోళ్లు నా చీర కొనేటోళ్లు కాదు, వదిలేసిన.

మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. డాక్టర్ వెంకటస్వామి గారు రిటైరైనంక 1976లో 11 మంచాలతో పెట్టిన్రు. ఉన్నోళ్ల దగ్గర ఫీజు తీసుకునే లేనోళ్లకు ఊరికే ఆపరేషన్ చేసిన్రు. అందరికీ తక్కువ తీసుకుని ఉంటే అది ఎప్పుడో మూతపడేది. హైదరాబాద్ పెద్ద దుకాణంలో కొర్ర బియ్యం కొనేటోళ్లు ఉన్నోళ్లే అక్కా. వాళ్లకు 95కి ఎందుకిస్తున్నవ్?

పాలచెంబు (హుజూరాబాద్)

ధర మాట గురించి ఒక్క విషయం. తూకం వేసిన వారంలోనే మొత్తం ధర ఇస్తానన్నది మంచి మాటే, కానీ పంట మొత్తం రెండు నెలల్లో వస్తుంది, మీ అమ్మకం పన్నెండు నెలలు సాగుతుంది. ఆ మధ్య బరువు మీరొక్కరే మోస్తున్నారు. మా పక్కనే ముల్కనూరు. అక్కడ సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది, మహిళల డెయిరీ 2002 నుంచి. సహకార డెయిరీల్లో పాల ధర పదిహేను రోజులకోసారి పడుతుంది, ఏడాది చివర మిగులుంటే బోనస్ పంచుతారు. మీరు కూడా మార్కెట్ ధర 34 వెంటనే ఇచ్చి, ఆ 4 రూపాయలను సంక్రాంతికో ఉగాదికో ఒక్కసారి ఇవ్వొచ్చు. కాకపోతే ఈ పద్ధతి వచ్చే పంట నుంచి. ఇప్పటి బాకీకి దీన్ని వాడితే మాట తప్పినట్టే.

రైతులు కూడా వాటాదారులైతే ఇంకా మంచిది. అది నిదానం మీద చూసుకోండి, ఇప్పుడు కాదు.

రాగిముద్ద (బెంగళూరు, సొంతూరు హిందూపురం)

నేను వ్యాపారిని కాదు, కొని తినేదాన్ని. కానీ మీ పోస్టులో ఒకటి నాకు అర్థం కాలేదు. కదిరి నుంచి బెంగళూరు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. హైదరాబాద్ దానికి రెండింతల పైనే. మరి సరుకంతా అటెందుకు పంపుతున్నారు?

ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో 200 ఇళ్లున్నాయి, సగానికి పైగా మన రాయలసీమ, కన్నడ వాళ్లే. ప్యాకెట్ 140 పెట్టి కొంటున్నాం, ఎప్పుడు ఆడించారో తెలియదు. చేదుగా ఉండి పారేసిన రోజులున్నాయి. పొట్టు తీసిన కొర్రలు నిల్వ ఉండవని మా అమ్మ ఎప్పుడూ చెబుతుంది. తవుడులో నూనె ఉంటుంది కదా, గాలి తగిలితే వాసన వస్తుంది. పొట్టుతో ఉంటే ఏళ్ల తరబడి ఉంటాయి. మీరు పొట్టుతోనే నిల్వ పెట్టి, ఆర్డరు వచ్చాక ఆడించి, ప్యాకెట్ మీద ఆడించిన తేదీ పెద్దగా వేసి నెలకోసారి తీసుకురండి. 125కి ఇచ్చినా మాకు లాభమే, మీకూ లాభమే. డబ్బు ముందే వేస్తాం. మా బ్లాకు వరకు నేను అడిగి చూస్తాను, మెసేజ్ పెట్టండి.

కొర్రకంకి (కదిరి వైపు)

పన్నెండు రోజులైంది. జవాబు రాసిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం.

పోగుబంధం తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాను. బిల్లులన్నీ తీసుకుపోయాను. మాట్లాడుతుంటే గొంతు వణికింది. ఇద్దరు గట్టిగానే అరిచారు, ఒకాయన తన మిగతా ఏడు మూటలు వెనక్కి తీసుకుపోతానన్నాడు, ఇచ్చేశాను. ఆయన కోపం న్యాయమే. అందరికంటే ఎక్కువ, 22,000 రావాల్సిన పెద్దాయన మాత్రం చివరిదాకా పలకలేదు. లేచేటప్పుడు నా దగ్గరికి వచ్చి, ‘లేకపోతే లేదని చెప్పు పాపా. రేపు అంటే మేము రేపటికే ఎదురు చూస్తాం’ అన్నాడు. ఎవరికి ముందు ఇవ్వాలో వాళ్లే తేల్చారు. కూతురి కాన్పు ఉన్న ఇంటికి మొదట, బోరు మోటారు కాలిపోయినాయనకు తర్వాత.

అమ్మకు గాజుల సంగతి కూడా చెప్పాను.

లెక్కలపుస్తకం గారూ, ఉద్యం నమోదు మొదటి సరుకుకు ముందే ఉంది. ఉత్తరం పంపిన తొమ్మిదో రోజు ఒక నెల బిల్లు 76,000 పడింది. పడిన రోజే రైతులకు పంచేశాను. మిగతా రెండు నెలలది, ఆ 19,950 ఇంకా తేలలేదు. గడువు దాటితే కౌన్సిల్‌కు వేస్తాను. వాళ్లకు సరుకు పంపడం ఆపేశాను. ఆపిన రోజు భయంతో నిద్ర పట్టలేదు, నెలకు 800 కిలోలు ఎక్కడ అమ్మాలి అని. క్యాష్ క్రెడిట్‌కు మేనేజర్ గారు రెండేళ్ల లెక్కలు అడిగారు, రాస్తున్నాను. అందులో నా జీతం 15,000 అని మొదటిసారి రాశాను.

పాలచెంబు గారూ, రెండు విడతల ధర మాట కూడా అరుగు మీదే అడిగాను. సగం మంది సరే అన్నారు, సగం మంది ఆలోచిస్తామన్నారు. జూలైలో విత్తనం వేసేలోపు మళ్లీ కూర్చుంటాం.

రాగిముద్ద అక్కా, మీ బ్లాకు వాళ్లు వేసిన డబ్బు అందింది. 64 కిలోలకు వచ్చింది. గురువారం ఆడించి శుక్రవారం పొద్దున బస్సుకు నేనే తెస్తున్నాను. బెంగళూరులో ఇంకా ఎవరికైనా కావాలంటే బుధవారం లోపు చెప్పండి, ఒకే ట్రిప్పులో తెచ్చేస్తాను. సామలు కూడా ఉన్నాయి, 30 కిలోల దాకా.