చికాగో చలి, ఒమిక్రాన్, రెండు బెడ్‌రూముల ఇల్లు: ఏం చేయాలి?

ప్రశ్న (చికాగో శివారు షాంబర్గ్, 2022 జనవరి)
నమస్తే అండి. డిసెంబర్‌లోనే హైదరాబాద్ నుంచి వచ్చాం. మావారికి నిన్న కోవిడ్ పాజిటివ్ వచ్చింది. ఇంట్లో బీపీ ఉన్న అత్తగారు, రెండో తరగతి పాప ఉన్నారు. బయట మైనస్ 15. కిటికీ తీసే పరిస్థితి లేదు. ఎలా నెట్టుకురావాలి?

నేపర్‌విల్ నుంచి
కంగారుపడకండమ్మా. బాత్రూమ్ ఉన్న గది ఆయనకిచ్చి, అందులోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రింబవళ్లు వేసే ఉంచండి. తలుపు మూసి, కింది సందు దగ్గర టిష్యూ ముక్క వేలాడదీయండి. గదిలోకి వంగితే సరే. హాలు వైపు ఎగిరితే హీటర్ గాలి ఆ గది గాలిని మీ మీదికి తోస్తోందన్నమాట. ఆ గదిలో హీటర్ గాలి వచ్చే జాలీని సగం మూసి మళ్లీ చూడండి. ఆ గది కిటికీ రోజుకి మూడుసార్లు పదేసి నిమిషాలు తీస్తే చాలు. రాత్రంతా తెరిచి వదిలేస్తే దగ్గర్లోని నీళ్ల పైపు గడ్డకట్టి పగలొచ్చు.

గాలి శుభ్రానికి డబ్బా ఫిల్టర్ మీరే చేసుకోవచ్చు. 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, 20×20 మెర్వ్ 13 (సన్నటి కణాల్ని కూడా పట్టే రకం) ఫిల్టర్లు నాలుగు, డక్ట్ టేపు, ఫ్యాన్ వచ్చిన అట్టపెట్టె కావాలి. ఫిల్టర్లు నాలుగు గోడల్లా నిలబెట్టండి, అంచుల మీది బాణాలు లోపలికి చూడాలి. అడుగున అట్ట, పైన గాలి పైకి కొట్టేలా ఫ్యాన్. సందు లేకుండా టేపు వేయండి, సందుంటే గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని అక్కడినుంచే దూరుతుంది. చాలామంది వదిలేసేది ఫ్యాన్ మూలలు. రెక్కలు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి మూలల్లోంచి గాలి తిరిగి లోపలికే పోతుంది. అట్టకి 15 అంగుళాల గుండ్రటి కన్నం కోసి ఫ్యాన్ పైన అంటిస్తే ఆ నష్టం ఆగుతుంది. ప్లగ్‌లో ఫ్యూజు ఉన్న కొత్త ఫ్యానే కొనండి. ముందు ఆయన గదిలో పెట్టండి, వీలైతే హాల్లో ఇంకోటి.

అరోరా నుంచి
లక్షణాలు మొదలైన రోజుని సున్నాగా లెక్కపెట్టండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 డిసెంబర్ 27న ఐదు రోజులు విడిగా, తర్వాత ఐదు రోజులు మాస్కుతో ఉండమని చెప్పింది. పెద్దావిడ ఉన్నారు కాబట్టి మీ ఇంట్లో పది రోజులూ విడిగానే ఉండనివ్వండి. పాప విషయంలో స్కూలు నర్సుకి ఫోన్ చేయండి.

ఈ 2022 జనవరిలో ప్రభుత్వం ఇంటికి నాలుగు టెస్టులు ఉచితంగా పంపుతోంది. ఆర్డర్ చేసేటప్పుడు అపార్ట్‌మెంట్ నంబరు దాని గడిలోనే రాయండి, లేకపోతే ఇదివరకే తీసుకున్నారని తిప్పికొడుతుంది. పోస్ట్‌బాక్సులో గడ్డకట్టిన కిట్‌ని వెంటనే విప్పొద్దు, రెండు గంటలు గదిలో పెట్టాకే వాడండి. టెస్టు మీద సి (కంట్రోల్) గీత రాకపోతే ఆ టెస్టు లెక్కలోకి రాదు. ఒక్క నెగెటివ్‌ని నమ్మకుండా ఒకటి రెండు రోజులాగి మళ్లీ చేయండి.

ఫార్మసీలో పనిచేసేవారు
మనవాళ్లు పొరబడేది ఇక్కడే, దయచేసి జాగ్రత్త. డోలో 650, టైలినాల్ ఒకటే మందు, పారాసెటమాల్; ఇక్కడి డబ్బాల మీద అసిటమినోఫెన్ అని ఉంటుంది. ఇక్కడి జలుబు మందు డేక్విల్ గోలీ ఒక్కోదాంట్లో అదే 325 మిల్లీగ్రాములు, డోసుకి రెండు. డోలో వేసుకుని పైన డేక్విల్ మింగితే డోసు రెట్టింపే. డాక్టర్ని అడక్కుండా రోజుకి 3,000 మిల్లీగ్రాములు దాటొద్దు. అత్తగారికి డేక్విల్ ఇవ్వొద్దు, అందులోని ముక్కుదిబ్బడ మందు బీపీ పెంచవచ్చు. పాపకి సిరప్ పాప బరువుని బట్టి, దాంతో వచ్చిన కప్పుతోనే కొలవండి.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ పెట్టేముందు చేతులు వెచ్చబెట్టి, గోళ్లరంగు తుడిచి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చల్లటి వేళ్లకి తప్పుడు అంకె వస్తుంది. 94కి దిగితే డాక్టర్‌కి ఫోన్, 90కి దిగినా ఆయాసం పెరిగినా అత్యవసర నంబరు 911.

ప్రశ్న అడిగినవారు
అందరికీ చాలా థాంక్సండి. ఇడ్లీ పిండి కూడా పొంగట్లేదు, రాత్రంతా ఉంచినా అలాగే ఉంటోంది.

నేపర్‌విల్ నుంచి
గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, గిన్నెలో సగానికే పోసి, ఆపేసిన అవెన్‌లో లైటు వేసి 12 గంటలు ఉంచండి. ఎల్ఈడీ బల్బైతే వేడి రాదు, పక్కన మరిగిన నీళ్ల గిన్నె పెట్టండి. అవెన్ మీటల మీద ఓ చీటీ అంటించండి, లోపల పిండి ఉందని తెలియక ఎవరైనా వేసేస్తారు.