నాన్నగారి మెడ రక్తనాళంలో 65 శాతం బ్లాక్ అట, స్టెంట్ తప్పదా?

గోదారిగట్టు:
నమస్కారం అండి. మాది రాజమండ్రి. నాన్నగారికి 68 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, చుట్ట అలవాటు నలభై ఏళ్లుగా. పోయిన నెల పొద్దున్నే మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. పక్కకి ఒత్తిగిలినా గది గిర్రున తిరుగుతోంది, కాసేపటికి తగ్గుతోంది అంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే మిగతా టెస్టులతో పాటు మెడకి డాప్లర్ స్కాన్ తీసి, కుడి కరోటిడ్‌లో (మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ నాళం) 65 శాతం, ఎడమ దాంట్లో 30 శాతం బ్లాక్ ఉందన్నారు. కళ్లు తిరిగేది దీనివల్లేనట, వారంలో స్టెంట్ వేయించకపోతే ఎప్పుడైనా పక్షవాతం రావచ్చట. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు, అర్ధరాత్రి లేచి ఆయన చెయ్యి కదులుతోందో లేదో చూసుకుంటోంది. నిజంగా అంత తొందర ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

డాప్లర్_గది:
నేను రోజూ ఈ స్కాన్లు చేసేదాన్నే. ముందు ఆ 65 అనే అంకె గురించి. డాప్లర్‌లో మేము ముఖ్యంగా చూసేది రక్తం వేగం. మొక్కలకి నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూసుకొస్తాయి కదా, అలాగే నాళం సన్నబడిన చోట వేగం పెరుగుతుంది. మామూలుగా సెకనుకి 125 సెంటీమీటర్లు దాటితే 50 శాతం పైన, 230 దాటితే 70 పైన అని లెక్క. అంటే 50-69 మధ్య అని చెప్పగలం కానీ సరిగ్గా 65 అని చెప్పడం కష్టం. సున్నం పేరుకుంటే నీడ పడి సరిగ్గా కనపడదు కూడా. రిపోర్టులో పీఎస్‌వీ అని ఒక అంకె ఉంటుంది, ఆ వేగం అదే, చూడండి. స్టెంట్ దాకా వెళ్లేముందు సీటీ యాంజియో గానీ ఎంఆర్ యాంజియో గానీ (రక్తనాళాలని చూపించే స్కాన్లు) తీయించి సరిచూసుకోవాలి. షుగర్ ఉంది కాబట్టి సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి.

పసుపుగడప:
అన్నయ్యా, మా అమ్మకి జరిగింది రాస్తాను, తేడా మీకే తెలుస్తుంది. వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఎడమ కంటికి పైనుంచి నల్ల తెర దిగినట్టయిందట. కొంగుతో కన్ను తుడుచుకుంటూ ఐదు నిమిషాలు అలాగే కూర్చుంది, మళ్లీ మామూలుగానే కనపడింది. శుక్లం అనుకుని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కన్ను చూసి "ఇది కంటి జబ్బు కాదమ్మా, ఇవాళే మెడకి స్కాన్ తీయించండి" అన్నారు. ఎడమవైపు 80 శాతం! తెర దిగిన పన్నెండో రోజున ఆపరేషన్ చేశారు, మెడ దగ్గర నాళం తెరిచి లోపలి కొవ్వు పొర గీకి తీసేశారు. మత్తు మెడ వరకే ఇచ్చి, కుడి చేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారట. నాళానికి క్లిప్పు వేసినంతసేపూ "నొక్కమ్మా, నొక్కమ్మా" అంటూనే ఉన్నారట, ఆ చప్పుడు ఆగితే మెదడుకి రక్తం చాలట్లేదని వాళ్లకి తెలుస్తుందన్నమాట. రెండు నెలలు దవడ కింద తిమ్మిరి ఉంది, గొంతు కాస్త బొంగురుపోయింది, తర్వాత రెండూ తగ్గాయి. ఆ కంటి డాక్టర్ గారికి మేం జన్మంతా రుణపడి ఉంటాం.

నాడీపటం:
న్యూరాలజీలో పనిచేస్తాను. పైన రాసిన అమ్మగారిదీ మీ నాన్నగారిదీ ఒకటే జబ్బు అనిపించినా, రెండూ వేరే పరిస్థితులు. శాతం కన్నా ముందు అడగాల్సింది, ఆ నాళం ఇప్పటికే ఏదైనా హెచ్చరిక ఇచ్చిందా అని. కుడి కరోటిడ్ అయితే కుడి కంటికి తెర పడాలి, లేదా ఎడమ చెయ్యి, ఎడమ కాలు, మూతి కాసేపు పట్టు తప్పాలి. ఒట్టి కళ్లు తిరగడం ఆ లెక్కలోకి రాదు. ఒత్తిగిలినప్పుడు గది తిరిగి కాసేపటికి తగ్గుతోందంటే నాకు ముందు అనుమానం చెవి లోపలి సమస్య మీదే, ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి.

హెచ్చరిక వచ్చి 70 శాతం దాటినవాళ్లలో ఆపరేషన్ ఎంత మేలు చేస్తుందో 1991లోనే నాసెట్ ట్రయల్ చూపించింది. రెండేళ్లలో ఆ వైపు స్ట్రోక్ వచ్చే అవకాశం మందులతో 26 శాతం, ఆపరేషన్‌తో 9. అదీ రెండు వారాల లోపు చేస్తేనే ఎక్కువ లాభం. హెచ్చరిక లేనివాళ్లలో 60 శాతం పైన ఉన్నా ఆపరేషన్‌తో ఆ అవకాశం ఐదేళ్లకి 11 శాతం నుంచి 5కే తగ్గిందని 1995లో ఏకాస్ ట్రయల్ చెప్పింది. అప్పటి మందులు వేరు, స్టాటిన్లు (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు) ఇంతగా వాడేవారు కాదు. పైగా ఆపరేషన్‌కీ స్టెంట్‌కీ స్ట్రోక్ రిస్క్ ఉంటుంది, హెచ్చరిక లేనివాళ్లలో అది 3 శాతం దాటితే చేసి లాభం లేదు. కాబట్టి "మీ టీమ్‌లో ఎంత?" అని మొహమాటపడకుండా అడగండి. వారంలో స్టెంట్ అనేంత తొందర నాకు కనపడట్లేదు, రెండో డాక్టర్‌కి చూపించండి.

మందులు మాత్రం ఈ రోజు నుంచే సీరియస్‌గా తీసుకోవాలి. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపుకి రావాలి, బీపీ, షుగర్ అదుపులో ఉండాలి, రక్తం పలచబరిచే మాత్ర డాక్టర్ చెబితేనే. సెలూన్లో మెడ విరిపించుకునే అలవాటు ఉంటే మాన్పించండి, ఆ విసురుకి నాళం లోపలి పొర చిరిగిన వాళ్లని చూశాను. మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబడటం, కంటికి తెర, వీటిలో ఏది కనపడినా తగ్గేదాకా చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమ్.

గోదారిగట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఈఎన్‌టీ డాక్టర్ నాన్నగారిని బల్ల మీద పడుకోబెట్టి తలని ఒక వరసలో అటూ ఇటూ తిప్పారు, రెండోసారికి కళ్లు తిరగడం పోయింది. సీటీ యాంజియోలో కుడివైపు 55 అని వచ్చింది. ఎల్‌డీఎల్ 148 ఉంది, మాత్రలు మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ డాప్లర్. అమ్మ రాత్రిళ్లు పడుకుంటోంది. అందరికీ దండాలండి. చుట్ట మాత్రం రోజుకి ఆరు నుంచి ఒకటికి వచ్చి ఆగిపోయింది, భోజనం అయ్యాక అరుగు మీద ఆ ఒక్కటీ వెలగాల్సిందే అంటున్నారు. అది మాన్పించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో రాయండి.