సెల్‌లో ఒక కథ, డీమెసేజ్‌లో ఇంకో కథ: ఏది నమ్మాలి?

నిన్న నైట్ డ్యూటీలో ఒక సర్వర్ దానంతటదే రీబూట్ అయింది. లినక్స్ లాగ్ (డీమెసేజ్) 2:14 దగ్గర టక్కున తెగిపోయింది, ఎర్రర్ అన్న ముక్కే లేదు. బీఎంసీలో (సర్వర్‌ను కనిపెట్టుకునే చిప్) సెల్, అంటే సిస్టమ్ ఈవెంట్ లాగ్, తెరిస్తే మాత్రం ఒక మెమరీ స్లాట్ మీద 'అన్‌కరెక్టబుల్ ఈసీసీ' (సరిదిద్దలేని మెమరీ ఎర్రర్) అని ఉంది. దాని పక్కనే రెండు ఎంట్రీలకు 1970 తేదీ! అప్పటికి నేనే పుట్టలేదు. పైగా సెల్ నిండిపోయిందంటోంది. క్లియర్ కొట్టేయనా?

జవాబు 1: ఆగండాగండి! ముందు ఐపీఎంఐటూల్ (బీఎంసీతో మాట్లాడే ప్రోగ్రామ్) తో 'సెల్ ఈలిస్ట్' కమాండ్ ఇచ్చి ఎంట్రీలన్నీ తీసి ఫైల్‌లో దాచండి. నేనోసారి తొందరపడి తుడిచేసి, వారంటీ వాళ్లకు చూపించడానికి ఏమీ లేక తల పట్టుకున్నాను.

రెండు లాగ్‌లూ నిజమే చెబుతున్నాయి. బీఎంసీ స్టాండ్‌బై కరెంటుతో నడిచే వేరే చిన్న కంప్యూటర్. ఓఎస్ డిస్క్‌లో రాసుకునేలోపే చచ్చిపోయినా అది రాస్తుంది. కాకపోతే ఒక్కో రికార్డు 16 బైట్లే, పొడిపొడిగా ఉంటుంది. సరిదిద్దుకోగలిగిన ఎర్రర్లు ముందునుంచీ వస్తున్నాయేమో రాస్‌డెమన్‌లో (లినక్స్‌లో హార్డ్‌వేర్ ఎర్రర్లు రాసిపెట్టే ప్రోగ్రామ్) వెతకండి. 1970 అంటే అప్పటికి బీఎంసీ గడియారం సెట్ కాలేదని. టైమ్ వదిలేసి రికార్డు నంబర్ల వరస చూడండి.

జవాబు 2: నిండాక కొన్ని బోర్డులు కొత్తవి రాయడం మానేస్తాయి, కొన్ని పాతవాటి మీద రాస్తాయి. దాచుకున్నాక క్లియర్ చేయాల్సిందే. ఆ స్లాట్‌లోని డిమ్‌ను (మెమరీ స్టిక్) వేరే స్లాట్‌లోకి మార్చండి. ఎర్రర్ దాని వెంటే వెళ్తే డిమ్ పోయినట్టు, పాత స్లాట్‌లోనే వస్తే బోర్డో సీపీయూనో.

అడిగినవారు: మార్చాను. ఎర్రర్ కూడా డిమ్ వెంటే వచ్చేసింది. ఫైల్ జతచేసి టికెట్ పెట్టాను.