కాంట్రాక్టు కొనసాగుతుందో లేదో తెలియని రోజుల్లో మనసును నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న (రాయగడ)

సభ్యులందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక కర్మాగారం స్టోర్సులో కాంట్రాక్టరు కింద గుమాస్తాగా పనిచేస్తున్నాను. పాత కాంట్రాక్టు గడువు ముగియవస్తోంది. కొత్తగా వచ్చేవారు మమ్మల్నే కొనసాగిస్తారో, తమ మనుషులను తెచ్చుకుంటారో ఎంత అడిగినా ఎవరూ చెప్పడం లేదు. ధ్యాసంతా దాని మీదే ఉండడంతో బిన్ కార్డులో (సరుకు నిల్వ రాసే కార్డు) వేసిన అంకెనే మళ్లీ మళ్లీ సరిచూసుకుంటున్నాను. తెల్లవారుజామున మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. ధైర్యంగా ఉండమని ఇంట్లో అందరూ అంటున్నారు గాని, ఆ ధైర్యం ఎలా వస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (బరంపురం)

అమెరికాలో ఇల్లినాయ్ బెల్ టెలిఫోన్ సంస్థ ఉద్యోగులను సాల్వటోర్ మాడీ, సుజాన్ కొబాసా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1975 నుంచి ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ మధ్యలోనే టెలిఫోన్ రంగం తలకిందులై వేలమంది ఉద్యోగాలు పోయాయి. పరిశీలనలో ఉన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆరోగ్యమో, పనితీరో దెబ్బతింది. తట్టుకున్నవారు పనికీ మనుషులకూ దూరం కాలేదు, తమ చేతిలో ఉన్నదాన్ని వదల్లేదు, వచ్చిన మార్పు నుంచి నేర్చుకోవడానికి చూశారు. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదని, సాధనతో పెంచుకోవచ్చని మాడీ వాదించారు.

మీ చేతిలో ఉన్నవి కొన్ని కనిపిస్తున్నాయి. యూఏఎన్‌తో (మీ పీఎఫ్ గుర్తింపు సంఖ్య) పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా సొమ్ము జమ అయిందో లేదో చూడండి. జీతం స్లిప్పులు, హాజరు వివరాలు ఒకచోట చేర్చుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, పాత కాంట్రాక్టరు లెక్కలు ముగించుకుని వెళ్లకముందే అనుభవ పత్రం తీసుకోండి, ఆ తరువాత సంతకం పెట్టేవారు దొరకరు.

జవాబు 2 (బల్లార్‌పూర్)

పై సభ్యులు చెప్పినది నిజమే గాని, భారమంతా ఉద్యోగి గుండె నిబ్బరం మీద వేయడం నాకు న్యాయంగా తోచదు. మనిషిని ఎక్కువగా తినేసేది పై అధికారుల మౌనం. "ఇంకా తేలలేదు, వచ్చే సోమవారం మళ్లీ చెబుతాను" అన్న ఒక్క మాటైనా కొంత ఊపిరి పోస్తుంది. సూపర్‌వైజర్లుగా ఉన్న సభ్యులు ఆ మాట చెప్పే అలవాటు చేసుకోవాలని నా విన్నపం. సోదరా, మీరు ఒంటరిగా కాక, తోటివారందరి సంతకాలతో కాగితం రాసి అడగండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యత అసలు యాజమాన్యానిదేనని చట్టం చెబుతోంది కనుక, బకాయిల సంగతీ అందులో చేర్చండి.

జవాబు 3 (పర్లాకిమిడి)

తమ్ముడూ, కాగితాల పనితో పాటు నిద్ర సంగతి కూడా చూసుకో. నిద్రలేమి రెండు వారాలు దాటినా, తిండి మీద ఆసక్తి తగ్గినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. ఒడిశాలో ఉన్నంత మాత్రాన ఒడియాలోనే మాట్లాడాలని లేదు, తెలుగును ఎంచుకోవచ్చు.