అప్‌డేట్: మూడుల్‌లో నాన్ ఎడిటింగ్ టీచర్‌కి విద్యార్థులు కనిపించని సమస్య తీరింది

ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్‌లో అసైన్‌మెంట్ తెరిస్తే నాకు అందరూ కనిపిస్తున్నారు, దిద్దాల్సిన మా నాన్ ఎడిటింగ్ టీచర్‌కి (మార్కులు వేయగలరు, కోర్సును మార్చలేరు) మాత్రం జాబితా ఖాళీగా వస్తోందని అడిగాను కదా. గ్రూపులు చూడమన్నవాళ్ల మాటే నిజమైంది, థాంక్స్.

కోర్సు సెట్టింగ్స్‌లో గ్రూప్ మోడ్ 'సెపరేట్ గ్రూప్స్' అని ఉంది, అంటే ఎవరి గ్రూపు వాళ్లకే కనిపిస్తుంది. ఆయన ఏ గ్రూపులోనూ లేరు. నాకున్న ఎడిటింగ్ టీచర్ రోల్‌కి అన్ని గ్రూపులనూ చూడనిచ్చే 'యాక్సెస్ ఆల్ గ్రూప్స్' అనుమతి మామూలుగానే ఉంటుంది, నాన్ ఎడిటింగ్ టీచర్ రోల్‌కి ఉండదు. అందుకే నా లాగిన్‌లో ఎన్నిసార్లు చూసినా అంతా బాగానే కనిపించింది!

పార్టిసిపెంట్స్ పేజీలోంచి గ్రూప్స్‌కి వెళ్లి ఆయన్ని రెండు గ్రూపుల్లోనూ చేర్చాను. పేజీ రీఫ్రెష్ చేయగానే పేర్లన్నీ వచ్చేశాయి. రోల్‌కే ఆ అనుమతి ఇచ్చేయొచ్చు గానీ, సైట్ మొత్తం మీద మారుతుందని ముట్టుకోలేదు.

క్యాష్ క్లియర్ చేయడం, ఆయన్ని తీసేసి మళ్లీ ఎన్‌రోల్ చేయడం దండగ.